పడవ ధర వేరు, పడవ ఖర్చు వేరు

సంపాదకులకు,

నమస్కారం. ఆదివారం అనుబంధంలో సెకండ్‌హ్యాండ్ తెరచాప పడవల గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. సముద్రం మీద ఆసక్తి పుట్టేలా రాశారు, సంతోషం. కానీ అందులోని ఒక లెక్క చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. సెలవుల్లో రెండుసార్లు పెద్ద పడవని చార్టర్‌కి తీసుకుంటే అయ్యే అద్దెతో ముప్పై అడుగుల పాత పడవ సొంతంగా వచ్చేస్తుందని, కాబట్టి అద్దె కట్టడమంటే డబ్బు నీళ్లలో పోయడమేనని వ్యాసకర్త తేల్చేశారు. అద్దెలో పడవని నడిపే ఖర్చు, చూసుకునే ఖర్చు, బాగుచేయించే ఖర్చు అన్నీ కలిసి ఉంటాయి. అమ్మకం ధరలో పడవ తప్ప ఇంకేమీ ఉండదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఇది ఎక్కువ, అది తక్కువ అనడం కుదరదు.

నేను ఉద్యోగం చేసినంత కాలం ఓడల ఇంజిన్ రూముల్లోనే ఉన్నాను. రిటైరయ్యాక తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు, పాత పడవ కొనేముందు ఒకసారి వచ్చి చూడమని పిలుస్తుంటారు. నేను సర్టిఫికెట్ ఉన్న సర్వేయర్‌ని కాను, డబ్బులూ తీసుకోను. ఇంజిన్ మూత తీసి, అడుగు పలకలు ఎత్తి, కనిపించింది చెప్పి వస్తాను. నాకు సొంతంగా ఒక చిన్న పడవ ఉంది. పెద్దది కావాల్సి వచ్చినప్పుడు చార్టర్‌కి తీసుకుంటాను. అంటే రెండు వైపులా డబ్బు పెడుతున్నవాణ్ని. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, నిడివి ఎక్కువైతే మన్నించండి.

ముందుగా చెప్పాల్సింది ఒకటే. పడవ మీద ఏటా అయ్యే ఖర్చు దాని పొడవుని బట్టి ఉంటుంది, మీరు ఎంతకి కొన్నారన్నదాన్ని బట్టి ఉండదు. మెరీనాలో, అంటే పడవలు కట్టేసుకునే రేవులో, చోటుకి అద్దె అడుగుల లెక్కనో మీటర్ల లెక్కనో వసూలు చేస్తారు. క్రేన్‌తో ఒడ్డుకి ఎత్తించినా పొడవు, బరువు చూసే బిల్లు వేస్తారు. నాచూ గుల్లలూ పట్టకుండా అడుగున వేసే యాంటీఫౌలింగ్ రంగు, తెరచాప గుడ్డ, తాళ్లు, లంగరు గొలుసు, అన్నీ పడవ సైజుతోనే పెరుగుతాయి. పోనీ పొడవు పెరిగినంతే పెరుగుతాయా అంటే అదీ కాదు. ఒకే తీరులో కట్టిన పడవ పొడవు రెట్టింపైతే బరువు సుమారు ఎనిమిది రెట్లవుతుంది. పడవని లాగే తెరచాప, ఆ తెరచాపని నిలబెట్టే మాస్టు అనే స్తంభం, పడవని తోసే ఇంజిన్ అన్నీ ఆ బరువుకి తగ్గట్టు ఉండాలి. ముప్పై అడుగుల పడవని మీరు కొత్తగా కొన్నా, పాతదని పదో వంతు ధరకి కొన్నా, మెరీనా వాడు ఒకే అద్దె తీసుకుంటాడు, రంగు డబ్బాలు అన్నే పడతాయి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన పెద్దలన్నది ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

పడవల వాళ్ల మధ్య ఒక లెక్క వాడుకలో ఉంది. ఏటా నిర్వహణకి పడవ ధరలో పది శాతం పక్కన పెట్టుకోవాలంటారు. మీ వ్యాసంలో కూడా అదే వాడి, పాత పడవ ధర తక్కువ కాబట్టి నిర్వహణ కూడా నామమాత్రమేనని రాశారు. చౌక పడవ విషయంలో ఈ లెక్క పూర్తిగా తలకిందులవుతుంది. ఎంత తక్కువకి కొంటే అంత తక్కువలో నడుస్తుందనుకుంటే, ఎవరైనా ఉచితంగా ఇచ్చిన పడవకి ఖర్చే ఉండకూడదు కదా! పది శాతం లెక్క వేయాలంటే అదే సైజు, అదే తరహా పడవ మంచి స్థితిలో ఉంటే ఎంత పలుకుతుందో ఆ ధర మీద వేయాలి. అప్పుడు కొన్నిసార్లు ఒక్క ఏడాది ఖర్చే కొన్న ధరతో సమానమై కూర్చుంటుంది.

ఇంతకీ పడవ అంత చౌకగా ఎందుకొస్తోంది? ఈ ప్రశ్న మీ వ్యాసంలో ఎక్కడా లేదు. అమ్మేవాళ్లందరూ మోసగాళ్లని నేను అనను. చాలామందికి వయసు మీద పడి ఉంటుంది, పిల్లలకి ఆసక్తి ఉండదు, పడవ ఏళ్ల తరబడి కట్టేసి ఉంటుంది. కానీ ఆ పడవలో త్వరలోనే ఒక పెద్ద ఖర్చు రాబోతోందని అమ్మేవాడికి తెలిసి ఉండటం మామూలే. ఆ ఖర్చు తన చేతిలో ఉండగా రాకూడదనే అమ్ముతాడు. ఫైబర్‌గ్లాస్ పడవల తయారీ 1960ల నుంచి జోరందుకుంది. ఆ కాలం నాటి పడవలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. పడవ పొట్ట చాలాకాలం నిలుస్తుంది, నిజమే. అందుకే చూడగానే దృఢంగా కనిపిస్తుంది, బేరం కుదిరిపోతుంది. దానికి బిగించినవి మాత్రం అంతకాలం నిలవవు. చౌక పడవలో మనం కొనేది నిజానికి ఆ బిగింపులనే.

మాస్టుని నిలబెట్టే స్టీలు తీగల సంగతే చూడండి. వాటిని పదీ పదిహేనేళ్లకి ఒకసారి మార్చమంటారు. ఇన్సూరెన్స్ వాళ్లు కూడా పడవ పాతదైతే తీగలు ఎప్పుడు మార్చారని అడుగుతారు. బయటికి అవి తళతళలాడుతూనే ఉంటాయి. స్టెయిన్‌లెస్ స్టీలు గుణం ఏమిటంటే, దానికి గాలి తగిలినంతసేపూ పైన ఒక సన్నని పొర ఏర్పడి కాపాడుతుంది. గాలి ఆడని చోట, ఉప్పునీరు ఇరుక్కున్న సందుల్లో, ఆ పొర నిలవక లోపల్లోపలే తినేస్తుంది. ఆ తీగల్ని పడవకి పట్టి ఉంచే స్టీలు పట్టీలుంటాయి, చెయిన్‌ప్లేట్లంటారు. అవి డెక్కులోంచి, అంటే పడవ పైతలంలోంచి, కిందికి దిగే చోట సరిగ్గా ఇదే జరుగుతుంది. పైనుంచి చూస్తే మెరుస్తుంది, ఊడదీసి చూస్తే డెక్కు మందం మేర గోధుమరంగు గీతలు, జుట్టంత సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. ఒక్క పట్టీ తెగితే గాలి బలంగా ఉన్నప్పుడు మాస్టు మొత్తం కూలిపోవచ్చు.

డెక్కు సంగతి ఇంకా చెప్పాలి. బరువు తగ్గడానికి రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్కో ప్లైవుడ్డో పెట్టి కడతారు. ఎక్కడో ఒక స్క్రూ దగ్గర సీలు పోతుంది, అక్కణ్నుంచి వాననీళ్లు ఏళ్ల తరబడి చుక్కచుక్కగా దిగి లోపలి చెక్కని కుళ్లబెడతాయి. పైన రంగు వేస్తే ఏమీ తెలియదు. నేను స్క్రూడ్రైవర్ పిడితో జానెడు జానెడు దూరంలో కొడుతూ పోతాను. గట్టి చోట ఠంగుమంటుంది, కుళ్లిన చోట మొద్దుగా థప్పుమంటుంది. ఆ తేడా పట్టడానికి ఇంజనీరే కానక్కర్లేదు, పదేళ్ల పిల్లాడు కూడా చెప్పగలడు.

ఈమధ్య ఒక పడుచు జంట నన్ను అలాగే తీసుకెళ్లారు. అడ్వాన్సు ఇవ్వడానికి డబ్బు కూడా వెంట తెచ్చుకున్నారు. అమ్మకందారు "డెక్కుకి ఒక కోటింగ్ వేయించుకుంటే చాలు సార్, మిగతాదంతా పర్ఫెక్ట్" అన్నాడు. స్క్రూడ్రైవర్ ఆ అమ్మాయి చేతికే ఇచ్చాను. మాస్టు చుట్టూ కొట్టుకుంటూ పోయి, కొద్దిసేపటికి ఆగి, "అంకుల్, ఇక్కణ్నుంచి సౌండ్ మారిపోతోంది, ఇంకా ఎంతదాకా ఉందో" అంది. సుద్దముక్క తీసుకుని హద్దు గీయమన్నాను. గీత గీస్తే మాస్టు చుట్టూ ఒక చాప పరిచినంత మేర వచ్చింది. ఆ డెక్కు మీదే మాస్టు నిలబడి ఉంది. తర్వాత లోపలికి దిగి, నీటిమట్టం కింద ఉండే వాల్వుని చాకుమొనతో గీకాను. పసుపుపచ్చగా మెరవాల్సిన లోహం లేత గులాబీ రంగులో కనిపించింది. ఇత్తడిలోని జింకుని ఉప్పునీరు తినేస్తే మిగిలే రాగి రంగు అది. అలాంటి వాల్వు చూడటానికి వాల్వులాగే ఉంటుంది, గట్టిగా తిప్పితే చేతిలోకి ఊడివస్తుంది. ఊడితే ఆ కంతలోంచి సముద్రం లోపలికి వస్తుంది. ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "బాబూ, ఈ పడవ ధర తక్కువే, కానీ దీన్ని నీళ్లలో ఉంచడానికే ఇంకో పడవ ధర అవుతుంది" అని చెప్పాను. డబ్బు తీసుకుని వెనక్కి వచ్చేశారు. ఆ అమ్మకందారు నామీద కోపం తెచ్చుకున్నాడు. నేను దాన్ని పట్టించుకోలేదు.

ఇంజిన్ నా సొంత సబ్జెక్టు కాబట్టి ఎక్కువ రాస్తే మీకు చోటు చాలదు. ఒక్కటి మాత్రం చెబుతాను. "ఇంజిన్ చాలా తక్కువ గంటలు నడిచింది" అనేది అమ్మేవాళ్లు గొప్పగా చెప్పే మాట. చిన్న డీజిల్ ఇంజిన్లు నడిచి అరగడం కన్నా, నడవక చెడటమే ఎక్కువ. ఉప్పునీటితో చల్లబడే మార్గాల్లో తుప్పు పేరుకుంటుంది. ట్యాంకులో అడుగున నీరు చేరి, డీజిల్‌కి నీళ్లకి మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. కట్టేసి ఉన్నంతకాలం అది అడుగునే ఉంటుంది. మొదటిసారి అలల్లోకి వెళ్లి పడవ ఊగగానే ఆ జిగురంతా కదిలి ఫిల్టర్లో అడ్డుపడుతుంది, సరిగ్గా రాళ్ల దగ్గర ఇంజిన్ కావాల్సినప్పుడే ఆగిపోతుంది. నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లర్‌ని ఏడాదికోసారి మార్చుకోవాలి, అది చిన్న ఖర్చు. సెయిల్‌డ్రైవ్, అంటే ఇంజిన్ నుంచి ప్రొపెల్లర్ దాకా పొట్టలోంచి నిటారుగా కిందికి దిగే కాలులాంటి అమరిక, ఉన్న పడవైతే పొట్టకి ఉన్న పెద్ద కంతని ఒక రబ్బరు సీలు కాపాడుతుంటుంది, వోల్వో పెంటా అనే ఇంజిన్ల కంపెనీ దాన్ని ఏడేళ్లకోసారి మార్చమంటుంది. అది చిన్న ఖర్చు కాదు, పడవని ఒడ్డుకెత్తి ఇంజిన్ని కదపాల్సి ఉంటుంది. ఇక ఇంజినే మార్చాల్సి వస్తే, ముప్పై అడుగుల చౌక పడవకి ఆ ఒక్క పనికే పడవ ధర దాటిపోవడం మామూలు విషయం.

ప్రాణాలకు సంబంధించింది ఇంకొకటి ఉంది, కీలు. పడవ బోర్లాపడకుండా అడుగున ఉండే ఆ బరువు. 2014 మే నెలలో చీకీ రఫీకీ అనే నలభై అడుగుల పడవ కరీబియన్ దీవి ఆంటిగ్వా నుంచి ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌కి తిరిగి వెళ్తూ నడి అట్లాంటిక్‌లో కీలు ఊడిపోయి తలకిందులైంది. అందులో ఉన్న నలుగురూ దక్కలేదు. బ్రిటన్‌లో సముద్ర ప్రమాదాలను దర్యాప్తు చేసే ఎంఏఐబీ సంస్థ మరుసటి ఏడాది ఇచ్చిన నివేదికలో, అంతకుముందు పడవ అడుగు నేలకి తగలడం, ఆ తర్వాత చేసిన మరమ్మతులు కలిసి కీలు అతుకుని బలహీనపరచి ఉండవచ్చని చెప్పింది. అది డొక్కు పడవేం కాదు, పేరున్న కంపెనీ తయారీ. పాత పడవ ఎన్నిసార్లు నేలకి తగిలిందో, ఎవరు ఎలా అతికించారో కాగితాల్లో ఉండదు. పడవని నీళ్లలోంచి పైకెత్తి, కీలు పొట్టకి కలిసే చోట ముందూ వెనకా పగులు ఉందేమో, లోపల బోల్టుల చుట్టూ తుప్పు కారిందేమో, లోపలి పక్కటెముకల్లాంటి పట్టీలు పొట్టనుంచి విడిపోయాయేమో చూస్తేనే ఏదైనా తెలిసేది. నీళ్లలో ఉన్న పడవని చూసి అడ్వాన్సు ఇచ్చేవాళ్లని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. సర్వేయర్‌కి ఇచ్చే ఫీజు, క్రేన్ బిల్లు దండగనుకుని మానేసేవాళ్లు మీ వ్యాసం చదివాక ఇంకా పెరుగుతారేమోనని నా బాధ.

చార్టర్‌ని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. దాని లోపాలు దానికున్నాయి, అవి కూడా మీ పాఠకులకు తెలియాలి. ప్రకటనలో కనిపించే అద్దె చివరి అద్దె కాదు. చివర్లో శుభ్రం చేసినందుకు ఒక చార్జీ, డీజిల్, వెనక చిన్న రబ్బరు పడవకి మోటారు కావాలంటే ఇంకో చార్జీ, రాత్రి ఆగే ప్రతి రేవులోనూ అద్దె. వీటన్నిటినీ మించి డిపాజిట్ పెద్ద మొత్తం ఉంటుంది. దానికి బదులు తిరిగిరాని రుసుము కట్టి బాధ్యత తగ్గించుకునే పద్ధతి కూడా ఉంది. ఏది ఎంచుకున్నా, పడవ తీసుకునే రోజు ఆదరాబాదరా సంతకాలు పెట్టకూడదు. పాత గీతలన్నీ ఫోన్లో వీడియో తీసుకోవాలి, తెరచాపలు పూర్తిగా విప్పించి చూడాలి, లంగరు దించి ఎత్తించాలి. వీలైతే నీళ్లలో దిగి కీలు అడుగుభాగం, ప్రొపెల్లర్ కూడా చూసుకోవాలి. ఒకసారి నేను తీసుకున్న పడవకి చుక్కాని అంచున పాత దెబ్బ ఉంది. ముందే ఫొటో తీసి ఆఫీసుకి పంపినందువల్ల తిరిగి అప్పగించేటప్పుడు వాదన రెండు నిమిషాల్లో తేలిపోయింది. ఫొటో లేకపోతే డిపాజిట్‌లో కోత పడేది.

వారం అద్దె అంటే వారం ప్రయాణం అనుకోవద్దు. చాలా చోట్ల శనివారం సాయంత్రం పడవ అప్పగిస్తారు, శుక్రవారం సాయంత్రానికల్లా మళ్లీ రేవుకి చేర్చమంటారు, శనివారం పొద్దున్నే దిగిపోవాలి. రోజు అద్దె లెక్కేసేటప్పుడు ఏడుతో కాదు, ఆరుతో భాగించాలి, అది కూడా వాతావరణం అనుకూలిస్తేనే. ఈదురుగాలి పట్టుకుంటే రెండు రోజులు రేవులో కూర్చోవాల్సి వస్తుంది, అద్దె మాత్రం ఆగదు. డబ్బు కట్టేశాం కదా అని గాలిలోనే బయల్దేరేవాళ్లనీ, శుక్రవారానికి చేరాలన్న టెన్షన్‌తో రాత్రిపూట తెలియని రేవులోకి దూరేవాళ్లనీ చూశాను. సొంత పడవ ఉన్నవాడికి ఆ ఒత్తిడి ఉండదు, గాలి తగ్గేదాకా ఆగుతాడు. ఇది చార్టర్‌లో ఉన్న అసలైన ఖర్చని నా అభిప్రాయం, ఏ బిల్లులోనూ కనిపించదు.

అర్హత సంగతి కూడా ఉంది. కెప్టెన్ లేకుండా పడవ మాత్రమే తీసుకోవడాన్ని బేర్‌బోట్ చార్టర్ అంటారు. ద మూరింగ్స్ అనే కంపెనీ 1969లో బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో మొదలై ఈ పద్ధతికి మంచి ప్రచారం తెచ్చింది. ఇప్పుడు ఎన్నో దేశాల్లో దొరుకుతుంది గానీ నియమాలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. క్రొయేషియాలో నడిపేవాడికి గుర్తింపు ఉన్న లైసెన్సుతోపాటు పడవల మీద మాట్లాడుకోవడానికి వాడే వీహెచ్ఎఫ్ రేడియో సర్టిఫికెట్ కూడా అడుగుతారు. గ్రీసులో నడపడం తెలిసిన రెండో మనిషి కూడా పడవలో ఉండాలి. అవేవీ లేనివాళ్లు జీతానికి కెప్టెన్‌ని పెట్టుకోవచ్చు. మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను అదే మంచిదంటాను. పక్కన నిలబడి వారం రోజులు ఆయన చేతుల్ని గమనిస్తే, ఏ క్లాసులోనూ రానంత వస్తుంది.

ఇక అసలు లెక్క. సొంత పడవ మీద ఏటా తప్పనిసరిగా అయ్యే ఖర్చులన్నీ కూడండి. రేవు అద్దె, ఇన్సూరెన్స్, ఒడ్డుకెత్తి రంగు వేయించడం, ఇంజిన్ సర్వీసు. తీగలు, తెరచాపలు, బ్యాటరీల్లాంటివి ఎన్నేళ్లకి మార్చాలో చూసుకుని ఏటి వాటా కలపండి. కొన్న ధరకీ రేపు అమ్మితే వచ్చే ధరకీ ఉన్న తేడాని ఉంచుకునే ఏళ్లతో భాగించి అది కూడా చేర్చండి. వచ్చిన మొత్తాన్ని మీరు నిజంగా తెరచాప ఎత్తే రోజులతో భాగించండి. ఎత్తాలనుకుంటున్న రోజులతో కాదు, ఎత్తే రోజులతో. పడవ మీకు ఎంత దూరంలో ఉంది, సెలవులు ఎన్ని దొరుకుతాయి, ఇంట్లోవాళ్లకి ఇష్టమేనా, పిల్లల పరీక్షలెప్పుడు, ఇవన్నీ చూసుకుని నిజాయితీగా ఒక అంకె వేసుకోండి. ఏడాదికి రెండు వారాల సెలవు మాత్రమే దొరికే కుటుంబానికి ఆ భాగహారం చేస్తే, దాదాపు ప్రతిసారీ చార్టరే చౌక పడుతుంది. ఇంటికి అరగంట దూరంలో పడవ ఉండి, ఆఫీసయ్యాక సాయంత్రం రెండు గంటలు తిరిగి రాగలిగేవాడికి అంకె మారిపోతుంది. ఆ సాయంత్రాలు ఏ చార్టర్ కంపెనీ దగ్గరా దొరకవు.

మీ సొంత శ్రమని లెక్కలో వేయాలా అని కొందరు అడుగుతారు. అది మనిషిని బట్టి ఉంటుంది. నాకు చేతికి గ్రీజు అంటితే ప్రాణం హాయిగా ఉంటుంది. ఇంపెల్లర్ మారుస్తూ గడిపిన ఆదివారం నాకు పడవ మీద గడిపిన ఆదివారంతో సమానం. ఆ పని అంటే చిరాకుపడేవాళ్లకి అదే ఆదివారం శిక్ష. మెకానిక్‌కి ఫోన్ చేసి, అతను వచ్చేదాకా ఎదురుచూసి, ఈలోగా సీజన్ అయిపోయి, పడవ మీద విరక్తి పుట్టి అమ్మకానికి పెట్టేసేవాళ్లు ఎందరో. మీ వ్యాసంలో రాసిన చౌక పడవల్లో చాలావరకు అలా వచ్చినవే.

అయితే ఎవరూ కొనకూడదా అంటే, తప్పకుండా కొనాలి, కానీ చిన్నది కొనాలి. కారు వెనక ట్రైలర్ మీద లాక్కెళ్లగలిగే పడవైతే సగం ఖర్చుల పేర్లే వినపడవు. ఇంట్లో పెట్టుకునే చోటుంటే మెరీనా అద్దె లేదు, క్రేన్ లేదు. ఇంజినంటే పడవ వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటారే, చెడితే విప్పి చంకన పెట్టుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లొచ్చు. నీళ్లలోంచి తీసి ఆరబెడతారు కాబట్టి అడుగున నాచు పట్టదు. తెరచాపని ఒక మనిషి ఒంటిచేత్తో ఎత్తగలడు. గాలి ఎటు మళ్లిందో మెడ మీద తెలియడం, తాడు చేతిలో బరువెక్కగానే వదలాలని తోచడం, ఇవన్నీ చిన్న పడవ నేర్పినంత త్వరగా పెద్ద పడవ నేర్పదు. పెద్ద పడవ తప్పుల్ని చాలాసేపు భరిస్తుంది, చిన్నది వెంటనే చెబుతుంది. నలుగురు కుటుంబంతో నాలుగు రోజులు దీవులు తిరగాలనిపించినప్పుడు పెద్దదాన్ని అద్దెకి తీసుకోండి. దాని డెక్కులో ఏం కుళ్లిందో, కీలు బోల్టులు ఎలా ఉన్నాయో చూసుకునే బాధ్యత ఏడాది పొడవునా ఇంకొకరిది.

ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒక పడవ కొనుక్కోవడం కూడా మంచి దారే. కాకపోతే మొదటిరోజే కాగితం రాసుకోవాలి. ఎవరికి ఏ వారాలు, పగిలితే ఎవరు కడతారు, ఒకరు తప్పుకుంటే వాటా ఎలా లెక్కిస్తారు. స్నేహం ఉంది కదా అని నోటిమాటతో మొదలుపెట్టిన పొత్తులు తెరచాప చిరిగిన రోజునే చిరిగిపోయాయి. ఇక డబ్బే లేనివాళ్లకి ఒక మాట. పందేలకి వెళ్లే పడవల యజమానులకి ఎప్పుడూ మనుషులు తక్కువే. క్లబ్బు దగ్గరికి వెళ్లి, వేళకి వస్తాను, చెప్పింది చేస్తాను అంటే చాలు, ఎవరో ఒకరు ఎక్కించుకుంటారు. ఖర్చు లేకుండా నేర్చుకోవడానికి దానికి మించిన మార్గం నాకు తెలియదు.

చివరిగా, పాత పడవకి ఉండే ఆఖరి ఖర్చు. మీ వ్యాసంలో ఇది లేకపోవడం నన్ను అన్నిటికన్నా బాధించింది. ఫైబర్‌గ్లాస్ కుళ్లదు, కరగదు, తేలిగ్గా రీసైకిల్ కాదు. చెక్క పడవైతే కాలక్రమంలో మట్టిలో కలిసిపోతుంది, ఇది వందల ఏళ్లయినా అలాగే పడి ఉంటుంది. పగలగొట్టి పారేయడానికి డబ్బు కట్టాలి. ఆ డబ్బు తప్పించుకోవడానికే చాలామంది పడవని నామమాత్రపు ధరకి, ఒక్కోసారి ఉచితంగా, ఉత్సాహంగా వచ్చిన కుర్రాళ్ల చేతిలో పెడతారు. ఆ కుర్రాళ్లు ఏడాది రెండేళ్లు తంటాలు పడి, రేవు అద్దె కట్టలేక, ఏదో ఒక మొగలో లంగరేసి వదిలేస్తారు. బ్యాటరీలు, డీజిల్, రంగుల్లోని విషాలు అన్నీ నీళ్లలో కలుస్తాయి. చేపలు పట్టి బతికేవాళ్లకి ఆ మునిగిన పడవ వల చింపే ముల్లు అవుతుంది. ఫ్రాన్స్‌లో 2019 నుంచి ఏపర్ అనే సంస్థ పాత పడవల్ని ఉచితంగా విప్పి పారవేసే పని చేస్తోంది. కొత్త పడవలు అమ్మేవాళ్ల దగ్గర వసూలు చేసే సొమ్ముతో దాన్ని నడుపుతారు, యజమాని ఆ కేంద్రం దాకా చేర్చే రవాణా ఖర్చు పెట్టుకుంటే చాలు. అలాంటి ఏర్పాటు లేని చోట పాత పడవ కొనేవాడు దాని అంత్యక్రియల ఖర్చు కూడా కొంటున్నట్టే. ఆ అంకె కూడా ముందే వాకబు చేసి లెక్కలో కలుపుకోవాలి.

అందుకని నాదొక విన్నపం. ఆ వ్యాసానికి కొనసాగింపుగా ఇంకొకటి వేయండి. అందులో అమ్మకం ధరల పట్టిక ఒక్కటే కాకుండా, రేవు అద్దె, సర్వే ఫీజు, క్రేన్, ఇన్సూరెన్స్, పారవేయడానికి అయ్యే ఖర్చు ఎక్కడ కనుక్కోవాలో కూడా రాయండి. కావాలంటే ఇంజిన్‌కి సంబంధించిన భాగం నేను రాసిస్తాను, పారితోషికం అక్కర్లేదు. ఈలోగా మీ వ్యాసం చదివి ఎవరైనా ఈ సీజన్‌లోనే కొనాలని బయల్దేరి ఉంటే, పడవని నీళ్లలోంచి పైకెత్తి కీలు, వాల్వులు, చెయిన్‌ప్లేట్లు చూపించనిదే అడ్వాన్సు ఇవ్వవద్దని మీ పత్రిక ద్వారా చెప్పమని కోరుతున్నాను. చూపించడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర బేరం అక్కడితో ఆపేయమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెరైన్ ఇంజనీర్